మెత్తటి పట్టు

"కుక్క వచ్చిందంటే ఇక నీకే బెంగా ఉండదు. నిశ్చింతగా వెళ్ళిరావచ్చు," అన్నాడు భర్త.

ఆమె అప్పుడు వంటింటి గట్టు తుడుస్తోంది. గట్టు తుడవడం పెద్ద పనేం కాదు. ఆ మాటకొస్తే ఆ ఇంట్లో ఆమె చేసేవేవీ పెద్ద పనులు కావు. తుడిచిన చోట మళ్ళీ ఎవరో ఒకరు కప్పు పెట్టేదాకానే ఆ శుభ్రానికి ఆయుష్షు. ఆ పూట కప్పు పెట్టింది ఆయనే. గుండ్రంగా పడిన తడి మచ్చ మీద గుడ్డ వేస్తూ "నిజంగానా?" అంది ఆమె. నలభై దగ్గరపడుతున్న మనిషి, సెలవిచ్చారని తెలిసిన బడిపిల్లలాగా అలా అడిగినందుకు తర్వాత తన మీద తనకే చిరాకేసింది. కానీ సంతోషం వచ్చినప్పుడు వయసు చూసుకుని రాదు కదా.

ఆమె కళ్ళజోళ్ళ దుకాణంలో చూపు పరీక్ష చేస్తుంది. చీకటి గదిలో కుర్చీలో కూర్చున్నవాళ్ళ కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ "ఇది బాగా కనిపిస్తోందా, ఇదా? మొదటిదా, రెండోదా?" అని రోజంతా అడుగుతుంది. జనం చిత్రమైనవాళ్ళు. తమకేం కనిపిస్తోందో చెప్పడం మానేసి, ఏం చెబితే ఈవిడ మెచ్చుకుంటుందోనని మొహంలోకి చూస్తారు. "తప్పూ ఒప్పూ లేదండీ, మీ కన్ను మీది," అని ఆమె నవ్వుతూ ధైర్యం చెబుతుంది. ఆ దుకాణం యజమాని ఊరికి ఆ చివర ఇంకో దుకాణం తెరుస్తున్నాడు. అక్కడి పరీక్ష గది మొత్తం ఆమె చేతిలో పెడతానన్నాడు. పొద్దున్నే వెళ్ళి తలుపులు తియ్యాలి, కొత్తగా చేరినవాళ్ళకి పని నేర్పాలి. "చేస్తాను" అని అక్కడికక్కడే అనేసింది. బస్సెక్కాక గుర్తొచ్చింది, ఇంట్లో ఒక మాట అనుకోకుండా ఒప్పేసుకున్నానే అని.

ఇంట్లో ఎవరూ వద్దనలేదు. వద్దు అనే మాట ఆ ఇంట్లో వినపడదు, అది ఆ ఇంటి గొప్ప. భర్త ఆమె మణికట్టు మెత్తగా పట్టుకుని "తొందరేముంది, ఆలోచిద్దాం," అన్నాడు. ఆ ఆలోచన నెల దాటింది. ఇప్పటికంటే ముందే ఆమె వెళ్ళిపోతే ఇంట్లో మామగారు ఇంకా ఎక్కువసేపు ఒక్కరే ఉండాలి. వీధిలో ఈమధ్యనే రెండిళ్ళలో దొంగలు పడ్డారు. మామగారు ధైర్యస్థుడే గానీ ఆ ధైర్యమంతా కుర్చీలో కూర్చున్నంతసేపే. చివరికి ఆ ఆలోచనలోంచి కుక్క పుట్టింది. పదేళ్ళ మనవరాలు కుక్క కావాలని ఎన్నాళ్ళుగానో ఏడుస్తుంటే "ఉన్నవాళ్ళకి చెయ్యడానికే మనిషి చాలడం లేదు" అని కసిరిన మామగారే, ఇప్పుడు "ఇంటికి కుక్క ఉండటం ఒక లక్షణం" అని కొడుకుతో గొంతు కలిపారు. ఇంటిని కుక్క చూసుకుంటుంది, ఆమె ఉద్యోగానికి వెళ్తుంది. అంటే మంచి కుక్క దొరకడం మీదే అంతా ఆధారపడి ఉంది. ఇంట్లో అందరికంటే ఎక్కువగా ఆ కుక్క కోసం ఎదురుచూసింది ఆమే.

కుక్కలమ్మే ఆయన పెళ్ళిళ్ళ పేరయ్యకంటే మాటకారి. మోకాళ్ళదాకా బూట్లు, చేతిలో రెండు కుక్కల ఫొటోలు. రెండూ పెరిగినవే, శిక్షణ అయినవే. ఒకటి తేనెరంగు లాబ్రడార్, ఇంకోటి నల్ల షెపర్డ్. "ఒకటి అల్లుడిలాంటిది, ఇంకోటి పోలీసులాంటిది. ఏది కావాలో మీ ఇష్టం," అన్నాడు. అతని వ్యాపారంలో ఒక పద్ధతుంది. ఒక వారం ఇది, ఒక వారం అది ఇంట్లో వదిలిపెడతాడు. నచ్చినదాన్ని ఉంచుకోవచ్చు, నచ్చనిదాన్ని వచ్చి తీసుకుపోతాడు. "పేరు మాత్రం పెట్టకండి. పేరు పెట్టారా, తిరిగి ఇవ్వడానికి చేతులు రావు. ఇంకోటి, ఇంట్లో అందరూ తిన్నాకే దీని గిన్నె నింపాలి. దీని తర్వాత ఎవరు తింటే వాళ్ళు తనకంటే కిందివాళ్ళని లెక్క కట్టుకుంటుంది. లాబ్రడార్‌కి ఆ పట్టింపు లేదు, అది భోజనప్రియురాలు. షెపర్డ్ మాత్రం అన్నీ చూస్తుంది. మనం నేర్పక్కర్లేదు, చూసే నేర్చుకుంటుంది." భర్త, ఆఫీసులో పై అధికారి ముందు ఊపినట్టు, బుద్ధిగా తలూపాడు.

ముందు వచ్చింది తేనెరంగుది. గడప దాటుతూనే ఇంటిల్లిపాదికీ బంధువైపోయింది. ఎవరు పిలిచినా వెళ్తుంది, పిలవకపోయినా వెళ్తుంది, పొమ్మన్నా వస్తుంది. మామగారు చిరాకుపడి చెప్పు విసిరితే, అదేదో బహుమానమైనట్టు నోట కరుచుకొచ్చి ఆయన కాళ్ళ దగ్గరే పెట్టింది. "ఇదేం కుక్కరా, దొంగొస్తే దారి చూపించి టార్చిలైటు కూడా పట్టుకునేట్టుంది," అన్నారాయన. కూతురికి మాత్రం అది ప్రాణం. దాని మెడ మీద తల పెట్టుకునే పాఠాలు చదివింది.

ఆమెకి ఎందుకో దాన్ని ఎక్కువసేపు చూడబుద్ధయ్యేది కాదు. ఇంత ఊపితే దీని తోక నొప్పి పుట్టదా అనుకునేది. ఒకరోజు దుకాణం నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా మామగారు "అమ్మాయ్!" అని కేకేశారు. ఆమె పరుగెత్తింది. అదీ పరుగెత్తింది. ఇద్దరూ ఒకేసారి ఆయన కుర్చీ ముందు నిలబడ్డారు, ఆయాసపడుతూ. ఆయనకి కావలసిన కళ్ళజోడు ఆయన నుదుటి మీదే ఉంది. "మీ నెత్తినే ఉంది మామయ్యగారూ," అంది ఆమె. "ఓహో," అని ఆయన పేపర్లో పడ్డారు. కుక్క తలెత్తి ఆమె మొహంలోకి చూసి తోకాడించింది, మన పని అయిపోయింది పద అన్నట్టు. అప్పుడే నిశ్చయించుకుంది ఆమె, ఇది వద్దు, నల్లదే కావాలని.

నల్లది వచ్చినప్పుడు తోకాడించలేదు. హాల్లో ఒక మూల ఎంచుకుని కూర్చుంది. అక్కణ్ణించి వీధి తలుపూ, వంటిల్లూ, భోజనాల బల్లా మూడూ కనిపిస్తాయి. ఎవరి దగ్గరికీ వెళ్ళలేదు. ఎవరు లేస్తే వాళ్ళ వంక తల తిప్పింది, ఎవరు పిలిస్తే ఎవరు పలుకుతున్నారో చూసింది. కొత్త ఉద్యోగంలో చేరినవాళ్ళు నోరు మూసుకుని పద్ధతులు గమనిస్తారే, అలా. ఆమెకి ముచ్చటేసింది. "చూశావా, దీనికి ఎంత ఆత్మగౌరవమో," అంది కూతురితో. కూతురు మొహం ముడుచుకుని "నాకు భయమేస్తోంది, అది రెప్ప వెయ్యట్లేదమ్మా," అంది.

కుక్కలాయన చెప్పిన నియమాన్ని భర్త తు.చ. తప్పకుండా పాటించాడు. రాత్రి తనూ, తండ్రీ, కూతురూ భోంచేసి చేతులు కడుక్కున్నాక, "ఆ, అందరం తిన్నాం, ఇక దానికి పెట్టు," అనేవాడు. ఆమె గిన్నె నింపి పెట్టేది. తర్వాత బల్ల తుడిచి, గిన్నెలు సర్ది, పొద్దుటికి కావలసినవి చూసుకుని, గట్టు దగ్గర నిలబడి తన పళ్ళెంలో మిగిలినవి వేసుకునేది. చనిపోయిన అత్తగారు, తను ఈ ఇంట్లో అడుగుపెట్టిన కొత్తల్లో చెప్పిన మాట అది. "ఇల్లాలు ఎప్పుడు తిందో గోడలక్కూడా తెలియకూడదమ్మా." గోడలకి తెలియలేదు గానీ కుక్కకి తెలిసింది. దాని గిన్నె ఖాళీ చేసి, మూతి నాకుకుంటూ వంటింటి గుమ్మంలోకి వచ్చి కూర్చుని, ఆమె తినడం చూసేది. ఆఖరి ముద్ద దాకా. పోనీలే, తోడుంది అనుకుంది మొదటి రోజు. రెండో రోజు నుంచి, ఎందుకో తెలియకుండానే, దానికి వీపు తిప్పి తినడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం. లోపలి గదిలో బట్టలు మడతపెడుతోంది. హాల్లోంచి మామగారు "మంచినీళ్ళు" అన్నారు. ఈ చొక్కా ఒక్కటీ మడిచి లేద్దామనుకుంటుండగా, ఎడమ మణికట్టు చుట్టూ వెచ్చగా, తడిగా ఏదో చుట్టుకుంది. చూస్తే కుక్క. చప్పుడు లేకుండా ఎప్పుడొచ్చిందో, ఆమె చెయ్యి నోటితో పట్టుకుంది. పళ్ళు తగులుతున్నాయి గానీ దిగడం లేదు. గుర్రుమనలేదు, లాగనూ లేదు. అలా పట్టుకుని వంటింటి వైపు నాలుగడుగులు వేసింది. ఆమె దాని వెనకే వెళ్ళింది. నీళ్ళు తెచ్చి ఇచ్చాకే వదిలింది.

ఇల్లంతా నవ్వులు. "చూశావా తెలివి! ఇక గొంతు చించుకుని పిలవక్కర్లేదు," అని భర్త మురిసిపోయాడు. మామగారికి హుషారొచ్చి "అమ్మాయ్, కిటికీ వెయ్యి," అన్నారు. కుక్క ఆమెని కిటికీ దాకా తెచ్చింది. "అమ్మాయ్, పేపరు." పేపరు దాకా తెచ్చింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వారు. ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే బావుండదని.

తర్వాత్తర్వాత పిలవక్కర్లేకపోయింది. మామగారు గ్లాసు బల్ల మీద కాస్త చప్పుడయ్యేలా పెడితే చాలు. ఇంకో రెండు రోజులకి ఆ చప్పుడూ అక్కర్లేదు. ఆమె నడుం వాల్చి ఉండగా చేతికి వెచ్చటి తడి తగిలేది. లేచి వెళ్తే, మామగారు అప్పుడే నోరు తెరవబోతుండేవారు. "నీకెలా తెలిసిందమ్మాయ్?" అని ఆశ్చర్యపోయేవారు. పాత స్నేహితురాలితో ఫోన్లో మాట్లాడుతూ కాస్త గట్టిగా నవ్విన రోజున కూడా అది వచ్చి పట్టుకుంది. అప్పుడెవరికీ ఏమీ అక్కర్లేదు. భర్త పక్క గదిలో ఏదో రాసుకుంటున్నాడు. ఆమె గొంతు తగ్గించింది. పట్టు సడలింది. ఇంకా తగ్గించి, "మళ్ళీ చేస్తానే," అని పెట్టేశాక పూర్తిగా వదిలింది. గుమ్మాల దగ్గరైతే మరీ విచిత్రం. ఇద్దరూ ఒకేసారి గుమ్మం దగ్గరికొస్తే అది ఆగి ఆమె వంక చూసేది. ఆమె పక్కకి తప్పుకునేది. అది ముందు వెళ్ళేది. తను కుక్కకి దారి ఇస్తున్నానని ఆమెకి తట్టడానికి చాలా గుమ్మాలు పట్టింది.

దుకాణంలో చీకటి గదిలో కూర్చుని, ఎడమ మణికట్టుని దీపం కింద పెట్టి చూసుకుంది. పంటి గాటు కాదు కదా, గీత కూడా లేదు. ఎవరికైనా చూపిద్దామంటే ఏముంది చూపించడానికి? ఆ పూట కుర్చీలో కూర్చున్న ముసలాయనకి అద్దాలు మారుస్తుండగా మణికట్టు చుట్టూ ఆ వెచ్చదనం తగిలింది. కుక్క ఎక్కడో దూరంగా, ఇంట్లో ఉంది. అయినా తగిలింది. ఆమె లేచి వెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చి ముసలాయన చేతిలో పెట్టింది. "నేనడగలేదే తల్లీ," అన్నాడాయన బిత్తరపోయి. "దాహం వేసుంటుందని," అంది ఆమె.

ఆ వారంలోనే కొత్త దుకాణం చూసి రమ్మని యజమాని కబురు పెట్టాడు. ఆ రోజు పెందలాడే లేచి పనంతా తెముల్చుకుని, సంచి భుజాన వేసుకుని వీధి తలుపు గడియ తీసింది. భర్త పళ్ళు తోముకుంటూ హాల్లోకి వచ్చి "ఇవాళ నాన్నకి మోకాళ్ళు బాగా నొప్పులట. ఇంకో రోజు వెళ్ళకూడదూ?" అన్నాడు. అడిగాడంతే. కసరలేదు, విసుక్కోలేదు. ఆమె "త్వరగా వచ్చేస్తానండీ," అంటూ గడప మీద కాలు పెట్టింది. అంతలో కుక్క మూలలోంచి లేచి వచ్చి మణికట్టు పట్టుకుంది. ఆమె చెయ్యి లాక్కుంది. పట్టు బిగియలేదు, సడలనూ లేదు. ఆమె ఎంత లాగితే అంత దూరం వచ్చి, ఆగితే ఆగి, కళ్ళు పైకెత్తి ఓపిగ్గా చూసింది. దాని కళ్ళల్లో కోపం లేదు. కోపం ఉంటే ఆమె కూడా అరిచేది, తన్నేది. ఆ ఓపిక ముందు ఏం చెయ్యాలో ఆమెకి తెలియలేదు. కాసేపటికి సంచి దింపేసింది. యజమానికి ఫోన్ చేసి ఒంట్లో బాగాలేదంది. "అది కూడా వెళ్ళొద్దంటోందే," అని భర్త నవ్వుతూ లోపలికి వెళ్ళాడు.

అప్పటికీ ఆమె ఏమీ అనేది కాదేమో. ఆ సాయంత్రం స్నానం చేసి గదిలోంచి వస్తుంటే హాల్లో మామగారి గ్లాసు టక్కుమంది. కుక్క లేచింది. ఆమె కోసం స్నానాలగది వైపు ఒకసారి చూసి, తిరిగి, నేల మీద బోర్లా పడుకుని బొమ్మలు గీసుకుంటున్న కూతురి దగ్గరికి వెళ్ళింది. మొదటిరోజు భయమేస్తోందన్న ఆ పిల్ల, కాగితం మీంచి కళ్ళు ఎత్తకుండానే ఎడమ చెయ్యి పక్కకి చాపింది. కుక్క మణికట్టు అందుకుంది. పిల్ల లేచి, కుడిచేతిలో రంగు పెన్సిలు అలాగే ఉండగా, వంటింట్లోకి నడిచింది. ఆమెకి తడి జుట్టులోంచి వెన్ను మీదికి నీళ్ళు కారుతున్నాయి. కూతురి చేతిలోంచి గ్లాసు లాక్కుని "నువ్వు వెళ్ళి గీసుకో," అంది. "పర్లేదమ్మా, ఊరికే పట్టుకుంటుందంతే, నొప్పుండదు," అంది కూతురు.

ఆదివారం మధ్యాహ్నం కుక్కలాయన వచ్చాడు. తేనెరంగుది అతని బండి వెనకాల కూర్చుని ఇంటివైపు చూస్తూ తోకాడిస్తోంది. భోజనాలకి బల్ల సర్దుతోంది ఆమె. "ఎలా ఉంది మా పోలీసు?" అన్నాడతను లోపలికొస్తూ.

"అద్భుతమండీ! ఇదే ఖాయం," అన్నాడు భర్త.

"నన్ను బయటికి వెళ్ళనివ్వడం లేదు," అంది ఆమె.

అందరూ ఆమె వంక చూశారు. అలాంటి మాట ఆ ఇంట్లో వినపడటం అదే మొదటిసారి. కుక్కలాయన నవ్వు తగ్గించి, "మీరు దానికంటే ముందు తింటున్నారా, తర్వాతా?" అన్నాడు.

"భలేవారే, అందరం తిన్నాకే పెడుతున్నాం. ఒక్క పూట కూడా తప్పలేదు," అన్నాడు భర్త. అబద్ధం ఆడటం లేదు ఆయన. నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆ 'అందరం'లో ఒక మనిషి తక్కువైందని ఆయనకి ఇన్నేళ్ళలో తెలియనే లేదు. కోపం రావలసిన చోట ఆమెకి భయం వేసింది.

"అమ్మ తర్వాత తింటుందిగా," అంది కూతురు. "వంటింట్లో, నిలబడి."

"అదీ సంగతి!" అని కుక్కలాయన తొడ చరిచాడు. "దాని లెక్కలో తప్పేం లేదు. వాళ్ళందరి తర్వాత నేను, నా తర్వాత ఈవిడ అనుకుంది."

"ఓస్, ఇంతేనా!" భర్త తేలికపడ్డాడు. ఆమె వైపు తిరిగి, "ఇవాళ్టి నుంచి దాని గిన్నె నింపే ముందు, దాని కళ్ళ ముందు ఒక ముద్ద నోట్లో వేసుకో. అది చూస్తుంది. ఆ తర్వాత ఎప్పట్లాగే నీ పనయ్యాక తిందువుగాని," అన్నాడు. "మంచి ఉపాయం," అన్నారు మామగారు. "ఒక్క ముద్దే కదా, ఎంతసేపు!" తన ఆకలి గురించి ఆ ఇంట్లో ఇంతమంది కలిసి ఆలోచించడం ఆమె అదే చూడటం. అదీ కుక్కని నమ్మించడానికి.

"నటిస్తే దానికి తెలిసిపోతుందండీ," అన్నాడు కుక్కలాయన. "సరే గానీ, ఎలా ఆపుతోంది? ఏదీ, చూడనివ్వండి." మామగారు ఉత్సాహంగా గ్లాసు ఎత్తి బల్ల మీద పెట్టారు. నల్లది లేచి వచ్చి ఆమె ఎడమ మణికట్టు నోట పట్టుకుంది. అతను మోకాళ్ళ మీద కూర్చుని, తన సరుకులో లోపం వెతుకుతున్నట్టు, ఆ నోటినీ ఆ చేతినీ పరీక్షగా చూశాడు. మొహంలో హాస్యం పోయింది. "ఇది మా దగ్గర నేర్చింది కాదండీ. దయచేసి మా మీద పెట్టొద్దు. మేం నేర్పేది మోచేతి పైన, పళ్ళు దిగేలాగ, అదీ దొంగని. నొప్పి తెలియకుండా, మచ్చ పడకుండా, మనిషిని ఉన్నచోటే ఉంచే పట్టు ఇది. ఇలాంటిది మేం నేర్పం. మా కుక్కకి పుట్టుకతోనూ రాదు. ఇక్కడ ఎవరినో చూసి పట్టుకుంది."

"మా ఇంట్లో ఎవరండీ, ఇలా పట్టుకునేది!" అని నవ్వాడు భర్త.

ఆమె తన చేతిని చూసుకుంది. ఎడమ చెయ్యి. అరచెయ్యి కాదు, వేళ్ళు కాదు, మణికట్టు. పెళ్ళయిన కొత్తలో రోడ్డు దాటేటప్పుడు ఆయన అక్కడే పట్టుకునేవాడు, అది ప్రేమ అనుకుంది. చుట్టాల మధ్య ఆమె మాట కాస్త పొడుగైతే బల్ల కింద అక్కడే పట్టుకునేవాడు, చిన్నగా, ఎవరికీ కనపడకుండా. ఆమె నవ్వేసి ఆపేసేది. పుట్టింట్లో ఇంకో రెండు రోజులుంటానన్నప్పుడు, పై చదువు చదువుతానన్నప్పుడు, పిల్ల జ్వరంలో ఉండగా మీరు ఒక్కరోజు సెలవు పెట్టకూడదా అని అడిగినప్పుడు, కొత్త దుకాణం సంగతి చెప్పినప్పుడు, నల్లది వచ్చిన మర్నాడే బల్ల దగ్గర ఆ సంగతి మళ్ళీ ఎత్తినప్పుడు. తొందరేముంది, ఆలోచిద్దాం. ఎంత లాగితే అంత దూరం వచ్చేవాడు, ఆగితే ఆగేవాడు. మా ఆయన నన్ను ఒక్క మాట అనరు అని ఎంతమందికి గర్వంగా చెప్పుకుంది! నిజమే, అనలేదు. రోజంతా పరాయివాళ్ళ కళ్ళకి ఏం కనిపిస్తోందని అడిగే తనకి, తన చేతి మీద ఉన్నది ఇన్నేళ్ళూ కనిపించలేదు. మూలన కూర్చున్న కుక్కకి వారంలో కనిపించింది.

"పోనీండి, గొడవెందుకు," అన్నాడు భర్త. "లాబ్రడార్‌నే ఉంచేయండి. అది ఎవర్నీ ఏమీ అనదు. తను కూడా హాయిగా ఉద్యోగానికి వెళ్తుంది." కూతురు చప్పట్లు కొట్టి బండి దగ్గరికి పరుగెత్తింది. మామగారు "అదే మంచిది," అన్నారు. కుక్కలాయనకి ఏది అమ్ముడైనా ఒకటే, నల్లదాని మెడపట్టీకి తాడు తగిలించాడు. అంతా ఎంత సులువుగా సర్దుకుపోయిందంటే, ఆమె కూడా ఒక్క క్షణం ఊపిరి పీల్చుకుంది. ఉద్యోగం దక్కుతుంది. ఇల్లు నవ్వుతూ ఉంటుంది. తేనెరంగుది కూడా ఈ ఇంట్లో వారం ఉంది. ఇవే చూసి ఉంటుంది. చూసి, తోకాడించి ఊరుకుంది. అది ఉంటే ఇక ఎవరికీ ఏమీ కనపడదు. కొన్నాళ్ళకి తనకీ కనపడదు. రేపు పెద్దదయ్యాక కూతురు చెయ్యి చాపుతుంది, అప్పుడు పట్టుకునేది కుక్క కాదు.

"తాడు తీసేయండి," అంది. "నల్లదే ఉంటుంది."

"పిచ్చా నీకు? నిన్ను గడప దాటనివ్వడం లేదన్నావు!"

"రేపు పొద్దున్నే దాటుతున్నాను. అది పట్టుకుంటే వదిలించుకుని వెళ్తాను, ఎల్లుండి పట్టుకుంటే ఎల్లుండీ వదిలించుకుంటాను. ఇది చూసిందే చేస్తుందన్నారుగా. ఇది మానేసిన రోజున, ఈ ఇల్లు మానేసిందని నేను నమ్ముతాను. అప్పటిదాకా ఇది ఇక్కడే ఉంటుంది."

ఆమె కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. పళ్ళెం తన వైపు తిప్పుకుని, నిండుగా వడ్డించుకుంది. మామగారి పళ్ళెం ఖాళీగా ఉంది, భర్తదీ ఖాళీగా ఉంది. ఒక ముద్ద తింది. ఇంకో ముద్ద తింది. కూర వేడిగా ఉంది. ఆ ఇంట్లో తన వంట వేడిగా ఎలా ఉంటుందో ఆమెకి కొత్త. మామగారి చెయ్యి గ్లాసు మీదికి వెళ్ళి, అక్కడే ఉండిపోయింది. గుమ్మంలో కూతురు తేనెరంగుదాని మెడ చుట్టూ చేతులు వేసుకుని, నోరు తెరిచి తల్లిని చూస్తోంది.

భర్త ఆమె పక్కకి వచ్చి వంగాడు. గొంతు ఎప్పట్లాగే మృదువుగా ఉంది. "బయటివాళ్ళ ముందు ఏమిటిది? తొందరేముంది, ఆలోచిద్దాం," అంటూ చెయ్యి అలవాటుగా ఆమె ఎడమ చేతి మీదికి వచ్చింది. వచ్చి, సగంలో ఆగిపోయింది. కుక్క బల్ల పక్కకి వచ్చి కూర్చుని, చెవులు నిక్కించి, రెప్ప వెయ్యకుండా, ఆమెని కాదు, ఆ చేతిని చూస్తోంది.

ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. బల్ల మీద అలాగే ఉంచి, "పట్టుకోండి," అంది. "అది చూస్తోంది."